ఉండా

పొద్దున నాలుగుంబావుకి కంపెనీ బస్సు
మైపాడు రోడ్డు మలుపులో హారన్ కొడతాది.
ఎక్కేది ముప్పై ఆరుమందిమి,
ముప్పై ఆరు స్టీలు క్యారేజీలు,
ఒక నలభై పేజీల నోటుబుక్కు.

నోటుబుక్కు నాది. పాఠం కరీమున్‌ది.
క్వాలిటీలో పనిచేస్తాది, ఆత్మకూరు పిల్ల,
నా కూతురికంటే రెండేళ్లు చిన్న.
అయినా బస్సెక్కినాక దాన్ని మేడం అంటా.

మాటలు నాకు ముందే వచ్చు.
హెడ్‌లెస్, పీల్డ్, వెయిట్, రిజెక్ట్.
రొయ్య తల గిల్లేటప్పుడే వేళ్లకంటుకున్నయ్యి,
సబ్బుతో కడిగినా పోవు.
లేనిదల్లా వాటిని గుచ్చే దారం.

“ఇంగ్లీషులో ప్రతి వస్తువుకీ ముందర
ఒక బంట్రోతు నడస్తాడక్కా” అంటాది.
‘ఎ’ రొయ్యంటే ఏదో ఒక రొయ్య.
‘ద’ రొయ్యంటే అదే, నువ్వూ నేనూ ఎరిగింది.
దినానికి ఇన్ని కేజీలు వొలుస్తానే,
ఒక్కదాన్నైనా ‘ద’ అని పిలిచినానా?
ఒకసారి పిలిచినా.
బొటనేలి గోట్లోకి ముల్లు దించింది, దాన్ని.

‘ఐ యామ్ హంగ్రీ’కి మస్తానమ్మ ఒప్పుకోలా.
“నాకు ఆకలైతాది గానీ, నేనే ఆకలెట్టా అవుతా?”
మనకాడ ఆకలి వస్తాది, పోతాది.
చలి వేస్తాది, జొరం తగులుకుంటాది,
అన్నీ చుట్టాలే, గడపలో చెప్పులిడిచి వచ్చేవే.
ఆ భాషలో చుట్టాలు లేరంట. అంతా నేనేనంట.

‘యామ్’ దగ్గర అందరం ఆగిపోయినాం.
పుస్తకంలో దానికి తెలుగు ‘చేయుచున్నాను’ అనుంది.
అట్టా మాట్లాడే మనిషిని మా పేటలో ఎవురూ చూళ్లా.
కరీమున్ కిటికీకి తలానించి
కాసేపు కళ్లు మూసుకోని అడిగింది,
“పెంచలక్కా, ఇప్పుడేం చేస్తా ఉండావు?”
“రాసుకుంటా ఉండా.”
“ఆ ‘ఉండా’నే యామ్!”
బస్సంతా నవ్వింది, డ్రైవరు కూడా.
టీవీలో వార్తలోళ్లు మింగేసిన ముక్కని
మేం నెల్లూరోళ్లం ఇన్నాళ్లూ
నమలకుండా నోట్లో పెట్టుకోనే ఉండాం.

ఆడిట్‌కి ఆ దేశం నించి ఒకామె వస్తదన్నారు.
సూపర్‌వైజరు మమ్మల్ని వరసగా నిలబెట్టి
ఒక్కటే వాక్యం అప్పజెప్పించుకున్నాడు,
‘వియ్ ఆర్ హ్యాపీ.’
“వియ్ అంటే మనమా సార్, మేమా?”
“రెండూ అదే, చెప్పమ్మా.”
రెండూ ఒకటెట్టా అవుతాయి?
మేమంటే ముప్పై ఆరుమందిమి.
మనమంటే దాంట్లో ఆయన కూడా ఉండాడు,
కుర్చీతో సహా.

వచ్చింది. తలకి వల, కాళ్లకి గంబూట్లు,
మా మాదిరే మాస్కు. కళ్లు ఒక్కటే కనపడతయ్యి.
ఎందరినో దాటి నా బల్ల కాడ ఆగింది.
‘హవ్ ఆర్ యూ’ అనింది.
అప్పజెప్పిన వాక్యం గొంతులోనే ఐసుగడ్డైంది.
“ఐ యామ్ స్టాండింగ్” అన్నా.
చేతిలో రొయ్య కింద పెట్టి
“నైన్ అవర్స్” అన్నా.
ఆమె పెన్ను కదిలింది.
ఏం రాసిందో. ఆ కాయితంలో
నేను ‘ఎ’నో ‘ద’నో.

రాత్తిరి బస్సులో కరీమున్ నా పక్కనే కూచోనింది.
మెచ్చుకుంటదనుకున్నా.
“అవర్స్‌కి ముందర ‘ఫర్’ వదిలేశావక్కా.
పొద్దున్నించీ అంటే ‘హావ్ బీన్’ కూడా పడాల.”
“ఒక్క నిలబడ్డానికి ఇన్ని ముక్కలా!”
మస్తానమ్మ వాచిన కాళ్లు
సీటు మీదికి ముడుచుకోనింది.

నోటుబుక్కు తెరిచినా.
ఇందుకూరుపేట దాటినాక
డ్రైవరు లోపల లైటు ఆర్పేసినాడు.
గీతల మీద పడతాందో లేదో,
రాసుకుంటా ఉండా.